రత్నమ్మ గారి టార్క్ పానా

టక్.

చేతిలోని పానా పట్టు సన్నగా అదిరింది, చెవికి ఆ చప్పుడు తగిలింది. అక్కడితో చెయ్యి ఆపాలి, ఇంకొక్క అంగుళం కూడా లాగకూడదు. ఆదివారం పొద్దున, చర్చికి బయలుదేరే ముందు, బాన్సువాడలో మా ఇంటి గేటు దగ్గర కారు వెనక చక్రం ముందు గొంతుక్కూర్చుని నట్లు బిగిస్తున్నాను. ఎదురింటి సత్తన్న నోట్లో బ్రష్షుతో నిలబడి చూసి చూసి, నురగ ఉమ్మేసి మరీ అడిగాడు.

“ఏంది చెల్లె గా సప్పుడు? పానా ఇరిగిందా?”

“ఇరగలేదన్నా. ఇగ సాలు అని చెప్తుంది.”

“సాలని పానా చెప్పుడేంది? బిగించెటోడు చెప్పాలె గని. గా యాదన్న టైర్ల దుకాణంల ఇస్తే మీదికెక్కి నాలుగు తొక్కులు తొక్కి ఇస్తుండె. ఇంతకు, బావ లేడా ఇంట్ల?”

మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఉప్మాకి ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. ఆయన పని ఆయన చేసుకుంటున్నాడు, నా పని నేను చేసుకుంటున్నాను. కానీ కారు పక్కన పానా పట్టుకున్న ఆడమనిషి కనిపిస్తే చాలు, ఈ ఊళ్ళో ప్రతివాడికీ “బావ లేడా”, “సార్ రాలేదా” అన్న మాట నోటిదాకా తోసుకొస్తుంది. ఒళ్ళు మండిపోతుంది నాకు. ఇన్నేళ్ళయినా ఆ మంట తగ్గలేదు, తగ్గాలని నేను కోరుకోవడమూ లేదు. దాన్ని నాకు అంటించి పోయిన మనిషి రత్నమ్మ గారు. పానా టక్కుమనగానే ఆవిడ గొంతే వినపడుతుంది నాకు. “ఆపు, ఆపు. అది చాలన్నాక ఇంకా లాగడానికి నువ్వెవరివే?”

ఆవిడని ఎరగని వాళ్ళ కోసం చెబుతున్నాను. రత్నమ్మ గారు పెళ్ళికి ముందు నేను కిరాయికున్న ఇంటి యజమానురాలు. మామగారి కాలంలో కోస్తా నుంచి వచ్చి వర్ని పక్కన కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడిన రైతు కుటుంబం వాళ్ళది. కూతురి చదువు కోసమని బాన్సువాడలో ఇల్లు కట్టుకున్నారు. భర్త పోయి, కూతురు పెళ్ళయి వెళ్ళిపోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు గానీ, పొలాన్ని మాత్రం వదల్లేదు. తెల్లటి చిన్న కారు ఒకటి ఉండేది. పొద్దున్నే తానే నడుపుకుంటూ వర్ని వెళ్ళి, నాట్లో, కలుపో, నీళ్ళ వంతో చూసుకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చేవారు. కారు నడపడం భర్త ఉండగా నేర్చుకోలేదు. ఆయన పోయాక, మరిది ప్రసాదరావు గారు “ఎందుకండీ వదినగారూ” అంటూ ఉండగానే నేర్చుకున్నారు.

మాది నస్రుల్లాబాద్ దగ్గర పల్లె. మా అవ్వ, అంటే మా అమ్మ, కూలికి నాట్లు వేసి నన్ను చదివించింది. బాన్సువాడలో ఒక ప్రైవేటు దవాఖానలో చీటీలు రాసే పని దొరికాక గది కోసం వీధులన్నీ తిరిగాను. పేరు రూతు అని చెప్పగానే, అప్పటిదాకా ఖాళీగా ఉన్న గది ఠక్కున ఎవరికో ఇచ్చేసినట్టు అయిపోయేది. ఆ అబద్ధాలు చెప్పిన ముఖాలు నాకింకా గుర్తున్నాయి, కూరగాయల మార్కెట్లో ఎదురైతే ఇప్పటికీ పలకరించను. రత్నమ్మ గారు మాత్రం పేరే అడగలేదు. “మోటారు వేసి మర్చిపోయే రకానివా?” అనడిగారు. కాదన్నాను. “అయితే సామాను తెచ్చుకో” అన్నారు. ఎంత మంచి మనిషో అని కరిగిపోయాను గానీ, ఆవిడకి మనుషుల కన్నా మోటారు మీదే ప్రేమ ఎక్కువని వారం తిరక్కముందే తెలిసింది.

ఆవిడ దేవత ఏమీ కాదు. నోరు బొత్తిగా మంచిది కాదు. మా అవ్వ నన్ను చూడడానికి మొదటిసారి వచ్చినప్పుడు వరండాలోంచే “ఏమే, ఎవరు కావాలే?” అని కేకేశారు. కూలికొచ్చే ఆడవాళ్ళని అలా పిలవడం ఆ ఇళ్ళల్లో అలవాటు. నాకు తల కొట్టేసినట్టయింది. గదిలోంచి ఉరికొచ్చాను.

“ఆంటీ, ఈమె మా అవ్వ. ఏమే గీమే అనకుండ్రి. మీ పొలంల కూలికి రాలే, నా ఇంటికొచ్చింది.”

ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుని నన్ను ఎగాదిగా చూశారు. “నీ ఇల్లా? కిరాయికున్నదానివి, అప్పుడే నీ ఇల్లయిపోయిందా?”

“కిరాయి కట్టినన్ని దినాలు నాదే.”

గది పోతే పోయింది అనుకునే అన్నాను. మధ్యాహ్నం ఆవిడే మా గుమ్మం దగ్గరికి వచ్చారు, చేతిలో కాఫీ. పనివాళ్ళకిచ్చే గ్లాసులో కాదు, తాను తాగే పింగాణీ కప్పులో. “తీసుకోండి, చల్లారిపోతుంది” అని మా అవ్వకి అందించి వెళ్ళిపోయారు. తప్పయిందని మాత్రం అనలేదు. ఆ మాట ఎవరితోనైనా అనగా నేను వినలేదు. అయినా ఆ రోజు నుంచి మా ఇద్దరికీ కుదిరింది. నాకు స్కూటీ మీద ధైర్యం తక్కువగా ఉన్న రోజుల్లో, పొద్దున్నే కారు పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, గేర్లు ఎప్పుడు మార్చాలో తిట్టి మరీ చెప్పేవారు.

ఇక అసలు సంగతి. యాసంగి కోతల రోజులు, మిట్టమధ్యాహ్నం. దవాఖానలో ఉండగా ఫోన్ మోగింది. “అమ్మాయ్, కాలువ గట్టు మీద ఉన్నాను. టైరు పంక్చరైంది. స్కూటీ వేసుకుని రా.” గొంతులో ఎప్పుడూ లేని ఆయాసం. వెళ్ళి చూస్తే కారు ఒక పక్కకి ఒరిగి ఉంది. ఆవిడ చీర కుచ్చిళ్ళు నడుములో దోపుకుని, ముఖమంతా కందిపోయి, చేతిలో వీల్ పానాతో నిలబడి ఉన్నారు. అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి. నట్టు కదలడం లేదు. నేను లాగాను. ఇద్దరం కలిసి లాగాం. నేను పానా మీదికెక్కి నిలబడ్డాను, ఆవిడ నా భుజాలు పట్టుకున్నారు. నట్టు ఇసుమంత కూడా కదల్లేదు. డిక్కీలో స్టెప్నీ నిండా గాలితో, నిక్షేపంగా ఉంది. ఏం లాభం?

వడ్ల ట్రాక్టర్లు పక్కనుంచి పోతున్నాయి. ఒకడు బండి ఆపి దిగి, సాయం చెయ్యడానికి ముందే సలహా చెప్పాడు. “గీ ఉమర్ల మీకెందుకమ్మా గీ ఫికర్? మంచిగ ఇంట్ల కూసోక.” ఇంకొకడు పొడుగాటి ఇనప పైపు తెచ్చి పానాకి తొడిగి, ఇద్దరు మగాళ్ళు కలిసి ఊగితే, తుపాకీ పేలినట్టు చప్పుడు చేసి అప్పుడు కదిలింది నట్టు. ఇద్దరు మగాళ్ళు, ఒక పైపు! ఆ సంగతి అక్కడున్న వాళ్ళెవరికీ పట్టలేదు. అందరూ చూసింది ఆవిడ నెరిసిన జుట్టునే.

ఈలోగా ఎవరు చెప్పారో, ప్రసాదరావు గారు తన పెద్ద కారులో వచ్చారు. చాలా మర్యాదస్తుడు. ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. అదే ఆయనతో వచ్చిన చిక్కు.

“ఇంక చాలండి వదినగారూ. ఎండలో ఈ అవస్థ మీకెందుకు? మేం లేమా?” అంటూనే వంగి, ఆవిడ కారు తాళాలు తీసి జేబులో వేసుకున్నారు. “ఆదివారం బాబాయిని తీసుకుని ఇంటికి వస్తాను. కోతలయ్యాక కారు అమ్మేద్దాం. పొలం నాకు కౌలుకి వదిలెయ్యండి, మీరు నిశ్చింతగా ఉండండి. ఎప్పుడన్నా చూడాలనిపిస్తే నేనే తీసుకెళ్తాను.”

రత్నమ్మ గారిని నా స్కూటీ వెనక ఎక్కించుకుని ఇంటికి తెచ్చాను; స్టెప్నీ వేసిన కారుని ఆయన మనిషి తెచ్చి వాకిట్లో పెట్టి, తాళాలు ఆయనకే పట్టుకుపోయాడు.  ఇంటికొచ్చాక ఆవిడ మంచినీళ్ళు తాగి, బొబ్బలకి కొబ్బరినూనె రాసుకుంటూ చెప్పారు. “పొలానికి వెళ్ళని మనిషికి పొలం ఉండదే అమ్మాయ్. కాగితం మీద ఉంటుంది, గట్టు మీద ఉండదు. మా పెద్ద ఆడపడుచుది అలాగే పోయింది. కౌలుకని ఇచ్చింది, చూడ్డానికి ఎప్పుడడిగినా ఎవరికీ తీరేది కాదు. పోయేనాటికి తన పొలం హద్దులు తనకే గుర్తులేవు.” కాసేపు ఆగి, ఉన్నట్టుండి గొంతు పెంచారు. “నట్టు రాకపోతే నా వయసు తప్పా? అలా బిగించినోడి తప్పు కాదూ?”

లేచి వెళ్ళి బీరువా తెరిచి, చీరల కింద చెయ్యి పెట్టి రెండో తాళం తీశారు. కొత్త కారు కొన్నప్పుడు తాళాలు రెండు ఇస్తారని, పాపం, ప్రసాదరావు గారికి ఆ ఎండలో తట్టినట్టు లేదు.

మర్నాడు పొద్దున్నే వర్ని రోడ్డులో యాదగిరి టైర్ల దుకాణం ముందు కారు ఆపాం. ఊళ్ళో అందరికీ యాదన్న. మనసు వెన్న, చెయ్యి సుత్తి. నట్టు గాలి మిషనుతో బిగించాక, దాని మీద పానా వేసి, ఆ పానా మీదికెక్కి గెంతడం ఆయన అలవాటు. అది ఆయనొక్కడి అలవాటే అనుకోకండి. మా వైపు ఏ దుకాణంలో చూసినా ఇంతే. కావాల్సిన వాళ్ళయితే ఇంకో రెండు గెంతులు ఎక్కువ. అభిమానం అలా చూపిస్తారు.

“ఏవయ్యా యాదగిరీ, నా చక్రాలకి ఏం చేశావయ్యా? నట్లు బిగించావా, సమాధి కట్టావా?”

“అక్కా, గట్లంటవేంది? నీ కోసమని ఖాస్ మీదికెక్కి బిగించిన.”

“నా కోసమా? నేను విప్పలేకుండా బిగించి నా కోసం అంటావేంటి!”

“నువ్వెందుకు ఇప్పుతవక్కా? మేం లేమా?” అని యాదన్న నిజంగానే ఆశ్చర్యపోయాడు. తర్వాత నొచ్చుకున్నాడు. “ప్రసాద్ సారే చెప్పిండు. మా వదినె ఒక్కతే తిరుగుతది, చక్రం ఊడితే పరేషాన్, ఎంత అవుతే అంత టైట్ చెయ్యి అన్నడు. మంచికి పోతే చెడ్డైందని, ఇగ నాదే తప్పాయె!” అని గొణుగుతూనే పంక్చరు వేసి, నట్లన్నీ మిషనుతో సడలించి గెంతకుండా బిగించి ఇచ్చాడు.

‘మేం లేమా’ అన్న మాట ఆవిడ ఒక్క రోజు తేడాలో ఇద్దరి నోట విన్నారు. ప్రసాదరావు గారు కావాలనే అలా చేయించారా అని నేను అప్పుడూ అడిగాను, చాలాసార్లు అడిగాను. “కాదే. నిజంగా నా మంచికే చేశాడు. అందుకే మరీ కాలుతోంది. కావాలని చేసినవాణ్ణయితే తిట్టి ఊరుకుందును” అన్నారు. నేను అంత ఉదారంగా ఆలోచించలేను. మంచికైనా చెడ్డకైనా, ఒక మనిషి చేతిలో పని ఆ మనిషిని అడక్కుండా ఊడబెరకడం ఏం మర్యాద?

సరిగ్గా ఎంత బిగించాలో అంతే బిగించే పానా ఒకటి ఉంటుందని దవాఖాన అంబులెన్సు డ్రైవరు నాతో అన్నాడు. దానికి ముందే అంకె పెడతారట, ఆ అంకె రాగానే టక్కుమంటుందట. టార్క్ రెంచ్ అంటారట. రత్నమ్మ గారికి ఆ మాట చెప్పగానే కళ్ళు మెరిశాయి. బస్టాండు దగ్గర ఇనుప సామాన్ల దుకాణంలో అడిగాం. అక్కడి సేటు మా మొహాలు చూసి, మోకాలంత పెద్ద పానా ఒకటీ, దాని మీద తొడగడానికి పైపు ఒకటీ బల్ల మీద పడేశాడు. అది కాదన్నాను. “గవన్ని షోరూంలల్ల ఉంటయమ్మా. అయినా మీకు తెల్వదు, సార్‌ను పంపుండ్రి, సార్‌కు సమజ్ చేస్త” అన్నాడు.

“సారు పోయి చాలా ఏళ్ళయిందయ్యా,” అన్నారు రత్నమ్మ గారు. “పిలవమంటావా?”

సేటు పైపు తీసి బల్ల కింద పెట్టేశాడు. ఆవిడ కారు తిప్పి, ఆ ఎండలోనే నిజామాబాద్ పోనిచ్చారు.

అక్కడ పెద్ద దుకాణంలో మూడు రకాలు చూపించారు. ముల్లు తిరిగేది ఒకటి, చౌక, చెడిపోవడానికి దాంట్లో ఏమీ లేదు. కానీ లాగుతూ తల వంచి ముల్లు చూడాలి, నడుము నొప్పి ఉన్నవాళ్ళకి అది కుదరదు. రెండోది అంకెలు వెలిగేది, బ్యాటరీది. “గట్టు మీద బ్యాటరీ అయిపోతే?” అని పక్కకి తోసేశారు. మూడోది టక్కుమనేది. అందులోనూ పొట్టివీ పొడుగువీ ఉన్నాయి. సేల్స్‌మన్ చేతికందిన చిన్నది ఇచ్చి, “లేడీసుకు ఇది లైట్ వెయిట్ మేడం” అన్నాడు. నేను దాని మీది అంకెలు చదివాను. చక్రం నట్టుకి కావాల్సిన అంకె కారుతో పాటు ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. ఆవిడ కారుకి నూట పది. ఆ చిన్న పానా నూట పది దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. “చివరి మెట్టు మీద నిలబడి అటక మీది కుండ దింపుతామా?” అన్నారు రత్నమ్మ గారు. మన అంకె పానా అంకెల్లో మధ్యలో పడాలి. పట్టు పొడుగ్గా ఉండాలి, అప్పుడు తక్కువ బలం చాలు. అంకెలు కళ్ళద్దాలు లేకుండా కనపడాలి. సరిగ్గా పనిచేస్తుందో లేదో పరీక్షించినట్టు కాగితం పెట్టెలో ఉండాలి. రోడ్డు మీద లారీ హారన్లు మోగుతుండగా దుకాణం గుమ్మంలో నిలబడి, ఒక్కొక్కటీ టక్కుమనిపించి, చెవికి వినపడుతోందా, చేతికి తగులుతోందా అని చూసి ఎంచుకున్నారు. పెళ్ళిచూపులు కూడా ఇంత సేపు జరగవు. దానికి తోడు మామూలు పొడుగు పానా ఒకటి తీసుకున్నారు. టార్క్ పానాతో బిగించాలి గానీ విప్పకూడదు, విప్పితే పాడవుతుంది. ఆ మాట పుస్తకంలో ఇంగ్లీషులో ఉంటే నేను చదివి చెప్పాను.

ఆ వారమంతా సాయంత్రాలు వాకిట్లో సాధన. పానా పిడి తిప్పి నూట పది పెట్టడం, చక్రం నేల మీద ఉండగానే నట్లు సడలించడం, జాకీ ఎక్కించడం, మళ్ళీ తగిలించి ఎదురెదురు నట్లు కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావడం, కారు దించాక టక్కుమనిపించడం. ఇద్దరమూ కొత్తవాళ్ళమే. మొదటి రోజు టక్ మన్నాక కూడా ఆవిడ “ఇంకొక్క లాగు లాగితే పోయేదేముంది” అని ఊగారు. నాకు కోపమొచ్చింది. “ఆంటీ, సాలన్నది గద! అది సాలన్నంక ఇంక లాగనీకి మీరెవరు? యాదన్నకూ మీకూ ఫరక్ ఏమున్నది?” ఆవిడ పానా కింద పెట్టి, పమిటతో మొహం తుడుచుకుని పడీ పడీ నవ్వారు. ఆ మాటే తర్వాత్తర్వాత నా మీదికి తిప్పి వాడుకున్నారు.

ఆదివారం వచ్చింది. జ్వరమొచ్చిందని పాస్టరమ్మకి అబద్ధం చెప్పి చర్చి మానేశాను. ప్రసాదరావు గారు, వాళ్ళ కుటుంబంలో అందరికన్నా పెద్దాయన వెంకయ్య బాబాయి గారు వచ్చారు. వాకిట్లో కుర్చీలు వేయించారు రత్నమ్మ గారు. మజ్జిగ ఇచ్చారు. ప్రసాదరావు గారు జేబులోంచి కారు తాళాలు తీసి బల్ల మీద పెట్టి, “బేరం చూశాను వదినగారూ, మంచి పార్టీ” అని మొదలుపెట్టారు.

“ఒక్క నిమిషం మరిదిగారూ” అని ఆవిడ కుచ్చిళ్ళు దోపుకున్నారు. పొడుగు పానా నట్టుకి తగిలించి, రెండు చేతులతో కిందికి నొక్కారు. నట్టు కదిలింది, అలా అన్నీ కదిలాయి. జాకీ ఎక్కించి, చక్రం ఊడదీసి గోడకి ఆనించి, స్టెప్నీ తగిలించి, కారు దించి, టార్క్ పానా తీశారు. టక్. టక్. టక్. టక్. వెంకయ్య గారు మజ్జిగ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయారు. నేను సాయానికి ఒక్క అడుగు కూడా వెయ్యలేదు, వెయ్యొద్దని ముందే ఆజ్ఞ.

“బాగుందండీ,” అన్నారు ప్రసాదరావు గారు, మర్యాదగానే. “కానీ ఇదంతా మనకెందుకు? మీ వయసుకి…”

ఆవిడ ఆయన మాట పూర్తి కానివ్వలేదు. గేటు బయట ఉన్న ఆయన పెద్ద కారు వైపు చెయ్యి చూపించారు. “మీ కారుకి మొన్ననే టైర్లు మార్పించారుగా, యాదగిరి దగ్గరేగా? ఒక్క నట్టు విప్పండి. మీ డిక్కీలో ఉన్న పానాతోనే.”

ఆయన నవ్వారు. వెంకయ్య గారు, “ఏముంది ప్రసాదూ, చూపించెయ్యి” అన్నారు. తప్పలేదు. చొక్కా చేతులు మడిచి లాగారు. తర్వాత కాలు పెట్టారు. తర్వాత మీదికెక్కారు. యాదన్న అభిమానం ఎవరికీ తక్కువ చెయ్యడు కదా, అందులోనూ ప్రసాద్ సార్‌కి! నట్టు ఉలకలేదు, పలకలేదు. పానా జారి ఆయన మోకాలు నేలకి కొట్టుకుంది. వీధిలో నలుగురు పోగయ్యారు.

రత్నమ్మ గారు బల్ల మీది తన తాళాలు తీసుకుని బొడ్లో దోపుకున్నారు. చెయ్యి చాపి, శాంతంగా అడిగారు.

“మరి మీ తాళాలు ఎవరికిద్దాం మరిదిగారూ?”

వెంకయ్య గారికి పొరబోయింది. దగ్గో నవ్వో నాకు తెలీలేదు. కారు అమ్మకం మాటా, కౌలు మాటా ఆ వాకిట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత ఆవిడ చాలా కాలం ఆ కారు నడిపారు. యాదన్న దుకాణంలో తన పానాతో తప్ప నట్టు ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆయన “గీ అక్కతోని పరేషాన్” అని గొణుక్కుంటూ ఆవిడ కారుకి మాత్రం టక్ దగ్గర ఆగేవాడు, మిగతా ఊరందరి నట్ల మీదా యథాప్రకారం గెంతేవాడు. నాకు పెళ్ళయి, పాత కారు ఒకటి కొనుక్కున్నప్పుడు ఆ పానా నాకిస్తారేమోనని ఆశపడ్డాను. “నాది నీకెందుకిస్తానే? నీది నువ్వు ఎంచుకో” అని మళ్ళీ నిజామాబాద్ తీసుకెళ్ళారు. పని అయ్యాక పిడి తిప్పి, అంకె కిందికంటా దించి పెట్టెలో పెట్టమని, లేకపోతే లోపలి స్ప్రింగు అలిసిపోతుందని దారి పొడవునా చెబుతూనే ఉన్నారు.

జబ్బు చేసి, ఎక్కువ రోజులు మంచాన పడకుండానే పోయారు. పెద్దకర్మ నాడు భోజనాలకి ముందు ప్రసాదరావు గారు లేచి నాలుగు మాటలు మాట్లాడారు. “మా వదినగారు ధైర్యశాలి. ఒంటరిగా కారు నడుపుకుంటూ వ్యవసాయం చేశారు. మేం ఏనాడూ అడ్డు చెప్పలేదు. మా కుటుంబం ఆడవాళ్ళని ఎప్పుడూ ప్రోత్సహించింది.” అందరూ తలలూపారు. విస్తరి ముందు కూర్చున్నదాన్ని లేచి వచ్చేశాను. అడ్డు చెప్పలేదా? ఆ అరచేతుల బొబ్బలు ఎవరివి? చనిపోయిన మనిషి గెలుపుని కూడా జేబులో వేసుకోవడమే కదా అది, ఆనాడు తాళాలు వేసుకున్నట్టు! అంతకన్నా ఘోరం, ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆవిడ టార్క్ పానాని పాత ఇనప సామాన్లలో కలిపి తూకానికి వేసేశారట. నాకు తెలిసేసరికి ఆ బండి బోధన్ దాటిపోయింది.

సత్తన్న ఇంకా అక్కడే నిలబడి చూస్తుండగా, ఇవాళ ఇదంతా తలుచుకుంటూనే ఆఖరి నట్టు బిగించాను. పిడి తిప్పి అంకె దించి పానాని పెట్టెలో పెడుతుంటే ఫోన్ మోగింది. కొత్త నంబరు.

“అక్కా, నా పేరు మాధురి. వర్ని ప్రసాదరావు గారి కోడల్ని.” ఆడపిల్ల గొంతు, ఏడ్చి ఆపినట్టుంది. “నిన్న కాలువ గట్టు మీద నా కారు పంక్చరైంది. నట్లు రాలేదు. మామయ్యగారు వచ్చి తాళాలు తీసేసుకున్నారు. ఇంక డ్రైవింగు వద్దన్నారు. నేను బోధన్‌లో స్కూల్లో పనిచేస్తున్నానక్కా, కారు లేకపోతే ఉద్యోగం మానేసినట్టే. హాల్లో పెద్దత్తయ్యగారి ఫోటోకి దండేసి, ఆవిడ ధైర్యం గురించి వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. మరి నాకెందుకిలా?”

పానా పెట్టె మూత వేశాను. వంటింట్లోంచి తాలింపు వాసన వస్తోంది.

“కూలికొచ్చే వాళ్ళు చెప్పారక్కా. టక్ అనే పానా ఏదో ఉందటగా మీ దగ్గర. అది ఒక్కసారి ఇస్తారా?”

“ఇయ్య,” అన్నాను. “నీది నువ్వు ఏరుకోవాలె. ఇద్దరం కలిసి పోదాం. మాధురీ, రెండో తాళం యాడున్నది?”

 అవతల చిన్న నవ్వు వినపడింది.

“బీరువాలో ఉందక్కా. చీరల కింద.”

నాకు జ్వరమొచ్చిందని పాస్టరమ్మకి ఫోన్ చేసి, డిక్కీలో పానా పెట్టుకుని వర్ని వైపు బయలుదేరాను.